గేటుతో కరెంటు ఆగడం లేదంటే లోహ ట్యూబులు ఉన్నట్టే

మీ కార్బన్ నానోట్యూబ్ ట్రాన్సిస్టర్‌లో గేటుకి (కరెంటును ఆన్, ఆఫ్ చేసే కొనకి) పాజిటివ్ వోల్టేజీ ఎంత పెంచినా ఆన్/ఆఫ్ నిష్పత్తి (ఆన్‌లో పారే కరెంటు ఆఫ్‌లో పారేదానికి ఎన్ని రెట్లో) 10 దాటట్లేదన్నారు కదండీ, తప్పు గేటుకీ ట్యూబులకీ మధ్య ఉండే మీ ఆక్సైడ్ పొరది కాకపోవచ్చు. రకాలుగా వేరుచేయని సింగిల్ వాల్ (ఒకే పొర) నానోట్యూబుల్లో దాదాపు మూడో వంతు లోహ స్వభావం ఉన్నవే. కార్బన్ పొర గొట్టంగా ఎలా చుట్టుకుందో చెప్పే రెండు అంకెల (కైరాల్ సూచికల) తేడా 3తో నిశ్శేషంగా భాగించబడితే అది లోహ ట్యూబే; గేటు మాట వినదు.

ఉన్న డివైస్‌ని కాపాడాలంటే గాలిలోనే ఇలా చేయండి: పాజిటివ్ గేటుతో గేటు మాట వినే సెమీకండక్టర్ ట్యూబులను ఆఫ్‌లో ఉంచి, డ్రెయిన్ వోల్టేజీ (ట్యూబుల గుండా కరెంటు పారించేది) మెల్లగా పెంచండి. లోహ ట్యూబులు వేడెక్కి ఆక్సిజన్‌తో కాలి తెగిపోతాయి, కరెంటు మెట్లుమెట్లుగా పడుతుంది. నిష్పత్తి పెరగ్గానే ఆపేయండి. ట్యూబులు కట్టలుగా అంటుకుని ఉంటే మాత్రం పక్కనున్న మంచివీ కాలిపోతాయి.

కొత్త బ్యాచ్‌కి టోలుయీన్ ద్రావకంలో పాలీఫ్లోరీన్ జాతి పాలిమర్‌తో సెమీకండక్టర్ ట్యూబులను ముందే వేరుచేయడమే మేలు. మిగులు పాలిమర్ బాగా కడగండి, లేదంటే ట్యూబుకి తగిలే పల్లాడియం లోహపు కాంటాక్ట్ దగ్గర నిరోధం పెరుగుతుంది.