పాత పింగాణీ బొమ్మ కొనేముందు

చి. మాధవికి, అత్తయ్య ఆశీస్సులు.

జర్మనీలో సోనెబెర్గ్ సంతలో పాత పింగాణీ బొమ్మ నచ్చిందనీ, ధర వినగానే టెన్షన్ పట్టుకుందనీ రాశావు. తొందరపడకు. ఆ తురింగియా ప్రాంతంలో ఒకప్పుడు అవి లక్షల్లో తయారయ్యాయి. ఇది పోతే ఇంకోటి దొరుకుతుంది. ముందు ఆ ఊళ్లోనే 1901లో పెట్టిన బొమ్మల మ్యూజియంకి ఒకసారి వెళ్లిరా, కంటికి అలవాటవుతుంది.

అమ్మేవాళ్లు మొహమే చూపిస్తారు. నువ్వు విగ్గు తీయించి నెత్తిలోంచి లోపలికి చూడు. విగ్గు జిగురుతో అంటుకుని ఉంటే నువ్వు లాగొద్దు, పింగాణీ పైపొర పెచ్చుగా లేచొస్తుంది. అతన్నే తీయమను.

లోపల ఏం చూడాలో తెలియాలంటే తల ఎలా చేస్తారో తెలియాలి. కయోలిన్ అనే తెల్లమట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ రాళ్ల పొడి నీళ్లలో కలిపి, దోసెల పిండిలా జారుగా ప్లాస్టర్ అచ్చులో పోస్తారు. ప్లాస్టర్ నీటిని పీల్చేకొద్దీ అచ్చు గోడకి మట్టి పొర కడుతుంది. తగినంత మందం రాగానే మిగతాది వంచేస్తారు. అందుకే పోత పోసిన తల లోపల నున్నగా ఉంటుంది. ఈ పోత పద్ధతి రాకముందు మట్టిని పలకలా వత్తి అచ్చులోకి వేళ్లతో అదిమేవారు, ఆ తలల లోపల ఎగుడుదిగుడుగా ఉంటుంది. మట్టి ఇంకా పచ్చిగా ఉండగానే కళ్లకి కంతలు కోసి, నెత్తి కూడా కోసి తీసేస్తారు. గాజు కళ్లు లోపలినుంచే కదా బిగించాలి!

తర్వాత 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. కాలితే తల కుంచించుకుపోతుంది. నకిలీని పట్టుకోవడానికి ఇది మంచి గుర్తు. అసలు తలమీద అచ్చు తీసి చేసిన నకలు, మెడ వెనక అదే అచ్చు నంబరున్న అసలుకన్నా చిన్నగా వస్తుంది. కొలిచే టేపు తీసుకెళ్లు.

మెరుపు లేకుండా చర్మంలా కనిపించేదాన్ని బిస్క్ అంటారు, అంటే గ్లేజు, అదే గాజులాంటి మెరుపు పూత, వేయలేదన్నమాట. బుగ్గల ఎరుపు, పెదాలు, కనుబొమలు దానిమీద దిద్ది, తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. అలా కాలిన రంగు తడిగుడ్డకి రాదు. వచ్చిందంటే మధ్యలో ఎవరో పూశారు, బహుశా కింద పగులు దాచడానికి.

చీకట్లో చిన్న టార్చి తలలోపల పెట్టి చూడు. వెంట్రుకంత పగులున్నా నల్లగీతగా బయటపడుతుంది. చర్మంమీద నల్ల చుక్కలు కనిపిస్తే కంగారుపడకు, అవి కాల్చేటప్పుడు పడ్డ నలుసులు. బేరానికి మాత్రం పనికొస్తాయి.

మెడ వెనక గుర్తులు చదువు. 1890లో అమెరికా చేసిన మెకిన్లీ సుంకం చట్టంతో దిగుమతి సరుకుమీద దేశం పేరు తప్పనిసరైంది. కాబట్టి ‘జర్మనీ’ అని ఉంటే సాధారణంగా 1891 తర్వాతిది. లేనంతమాత్రాన పాతదనుకోకు, అన్ని బొమ్మలూ అమెరికాకి వెళ్లలేదు. ‘ఏఎం 390’ అని ఉంటే అది ఆర్మాండ్ మార్సెయ్ కంపెనీది. ముద్దుగానే ఉంటుంది కానీ ఊరూరా దొరుకుతుంది, పెద్ద ధర పెట్టొద్దు. పారిస్‌లో పేరుమోసిన జ్యుమో కంపెనీ బొమ్మ అని చెప్తే నాకు చెప్పకుండా పర్సు తీయకు. వాటికి నకళ్లు బోలెడు.

కొన్నాక బొమ్మ ఒళ్లు నీళ్లతో కడగొద్దు. అది రంపపు పొట్టు, జిగురు కలిపి చేసింది, ఉబ్బిపోతుంది. కళ్లు మూసి తెరిచే బొమ్మైతే ఆ కళ్ల వెనక సీసపు బరువు ఉంటుంది. కదలకుండా తలలో మెత్తని కాగితం కుక్కి, బోర్లా పడుకోబెట్టి తీసుకురా. వెల్లకిలా తెస్తే ఆ బరువు ఊగి లోపలినుంచి తలని కొడుతుంది. సంక్రాంతి కొలువులో పెడతానన్నావు, పెట్టు, మెట్టు అంచున మాత్రం వద్దు.

డబ్బిచ్చేముందు మెడ వెనక ఫొటో, తల లోపలి ఫొటో వాట్సాప్‌లో పంపు. మొహం ఫొటో అక్కర్లేదు.

మీ అత్తయ్య