సెల్ఫ్ నొక్కితే టక్ టక్ అంటోంది, హారన్ మాత్రం మోగుతోంది. బ్యాటరీ మార్చాలా?

మీరు అడిగింది ఇదీ కదండి: పొద్దున్నే బైక్ సెల్ఫ్ నొక్కితే టక్ టక్ అని ఆగిపోతోంది, హారన్ బాగానే మోగుతోంది, ఇండికేటర్లు వెలుగుతున్నాయి, మెకానిక్కేమో బ్యాటరీ పోయింది మార్చేయండి అంటున్నాడు, నమ్మాలా వద్దా అని. హారన్ మోగింది కదా అని బ్యాటరీ బాగుందనుకోవద్దు, టక్ టక్ విని డబ్బులూ పెట్టేయొద్దు. సెల్ఫ్ నొక్కి ఉంచిన ఆ రెండు సెకన్లలో ఓల్టేజి ఎంతకి పడిపోతోందో చూస్తేనే సంగతి తెలుస్తుంది. మాది రాజోలు వైపు, రోజూ చెరువుల మీదకి బండి మీదే తిరుగుతాం, ఇంట్లో బళ్లూ చుట్టాల బళ్లూ చూస్తూ చూస్తూ నాకు అలవాటైన పద్ధతి చెబుతాను.

హారన్‌కి రెండు మూడు ఆంపియర్లు వస్తే చాలు, ఇండికేటర్‌కి అంతకూడా అక్కర్లేదు. సెల్ఫ్ మోటారు అలా కాదు, ఆగి ఉన్న ఇంజన్ని కంప్రెషన్‌కి ఎదురు తిప్పాలి కాబట్టి ఒక్కసారిగా పదుల ఆంపియర్లు లాగుతుంది. బోదెలో ఉన్న నీళ్లు చెంబుతో ముంచుకోవడానికి సరిపోతాయి, అదే బోదెలో ఆయిల్ ఇంజన్ పైపు వేస్తే క్షణంలో అడుగు తేలిపోతుంది, ఇదీ అంతే. పాతబడిన బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిగా పేరుకుపోతుంది, లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి పడే అడ్డు, పెరుగుతుంది, పెద్ద లోడ్ పడగానే ఓల్టేజి కూలిపోతుంది. ఓల్టేజి పడగానే రిలే, అంటే సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు, వదిలేస్తుంది, వదిలేసరికి ఓల్టేజి మళ్లీ లేస్తుంది, రిలే మళ్లీ పట్టుకుంటుంది. ఆ టక్ టక్ అదేనండి.

ఒక మామూలు డిజిటల్ మీటర్ తెచ్చుకోండి, ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. డీసీ 20 ఓల్టుల దగ్గర పెట్టి ఎర్ర వైరు ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి ఆనించండి. మొదటి రీడింగ్ బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే, తాళం తిప్పకుండా తీసుకోవాలి. తిరిగొచ్చిన వెంటనే చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. 12.6 నుంచి 12.8 ఉంటే ఫుల్ చార్జి, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 దాకా వచ్చిందంటే పావే. సీల్డ్ బ్యాటరీలు ఇంకాస్త ఎక్కువ చూపిస్తాయి. బ్యాటరీలో ఒక్కోటి 2.1 ఓల్టుల చొప్పున ఆరు సెల్స్ ఉంటాయి, అందుకని ఎంత చార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతోందంటే ఒక సెల్ చచ్చిపోయినట్టే, ఇంక దాని మీద టైం పెట్టక్కర్లేదు.

అసలు పరీక్ష రెండోది. మీటర్ వైర్లు అలాగే పట్టుకుని ఇంట్లో ఎవరినైనా సెల్ఫ్ నొక్కమనండి. నొక్కి ఉంచినంతసేపూ 9.6కి తగ్గకూడదు, మంచి బ్యాటరీ అయితే పదికి పైనే నిలబడుతుంది. ఫుల్ చార్జిలో ఉండి కూడా ఏడుకో ఎనిమిదికో పడిపోతే మీ మెకానిక్ చెప్పింది నిజం, మార్చేయండి. సగం చార్జిలో ఉన్నప్పుడు పడిపోతే మాత్రం అది రుజువు కాదు, ముందు చార్జింగ్ పెట్టి మళ్లీ చూడాలి. చాలా షాపుల్లో ఈ మెట్టు వదిలేసి నేరుగా కొత్త బ్యాటరీ పెట్టేస్తారు, నాకు బాధ కలిగేది అక్కడే.

ఇంకో రకం ఉంది, మనవైపు బళ్లలో ఇది ఎక్కువ. సెల్ఫ్ నొక్కినా మీటర్ మొదటి రీడింగ్ దగ్గరే కదలకుండా ఉంటుంది, మోటారు మాత్రం తిరగదు. అంటే బ్యాటరీలోంచి కరెంటు బయటికే వెళ్లట్లేదు, దారిలో ఎక్కడో అడ్డం పడింది. మా బావమరిది బండికి ఇదే జరిగింది. ఒక షాపులో బ్యాటరీ మార్చాలన్నారు, మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ శుభ్రంగా ఉంది. ఎర్త్ వైరు, అంటే బ్యాటరీ మైనస్ నుంచి వచ్చేది, ఛాసిస్‌కి బిగించే బోల్టు దగ్గర పచ్చగా చిలుము పట్టేసింది, దాన్ని గీకి బిగించేసరికి ఒక్క నొక్కుకే స్టార్టయింది. సముద్రపు గాలి, ఉప్పునీటి చెరువు గట్లు, వానాకాలం బురద, వీటి మధ్య తిరిగే బండికి అది మామూలే. అందుకే సెల్ఫ్ నొక్కినప్పుడు ఒకసారి బ్యాటరీ సీసం పోస్టు మీద, ఇంకోసారి దానికి బిగించిన వైరు మీద రీడింగ్ చూడండి, రెంటికీ బాగా తేడా వస్తే లోపం ఆ జాయింటులోనే. ముందు మైనస్ విప్పి తర్వాత ప్లస్ విప్పండి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో తుడిచి, పొడిగా ఆరాక బిగించి పైన వ్యాజలిన్ రాయండి. బిగించేటప్పుడు ముందు ప్లస్.

కొత్త బ్యాటరీ వేసినా నెలల్లోనే డౌన్ అవుతోందంటే చార్జింగ్ చూడాలి. బండి స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే మీటర్ 13.5 నుంచి 14.5 మధ్యకి రావాలి. 13 దాటకపోతే ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ గానీ, దాన్ని బ్యాటరీకి సరిపడా మార్చి పంపే రెక్టిఫైయర్ గానీ చూపించండి, 15 దాటితే రెక్టిఫైయర్ పోయి బ్యాటరీని ఉడికించేస్తోందని అర్థం. అన్నీ బాగున్నా, ఇంటి నుంచి గట్టు దాకా అర కిలోమీటరు, అక్కడి నుంచి సెంటర్‌కి ఇంకో అర కిలోమీటరు, ప్రతిసారీ సెల్ఫ్ అంటే ఖర్చయిన చార్జి తిరిగి ఎక్కదండి. అలాంటి బండికి నెలకోసారి బయట చార్జింగ్ పెట్టడం మంచిది. 5 ఏహెచ్ (బ్యాటరీ మీద రాసి ఉండే కెపాసిటీ) బ్యాటరీకి అర ఆంపియర్ చాలు, ఇన్వర్టర్ బ్యాటరీలకి వాడే పెద్ద చార్జర్ తగిలించొద్దు. చార్జింగ్‌లో ఉన్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో బీడీ అగ్గిపుల్లా ఉండకూడదు. నీళ్లు పోసే రకం అయితే డిస్టిల్డ్ వాటరే పోయండి, ఆర్వో క్యాన్ నీళ్లు పనికిరావు, మన బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

కిక్ ఉందిగా అని వదిలేసేవాళ్లకి ఒక మాట. పాత కార్బురేటర్ బళ్లలో చాలావాటికి బ్యాటరీ వీకైనా కిక్‌తో నడిచిపోయేది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్లలో ఎక్కువ భాగం ఫ్యూయల్ ఇంజెక్షన్, పెట్రోలు పంపు తిరగాలన్నా, ఇంజన్ని నడిపించే చిన్న కంప్యూటర్ ఈసీయూ పనిచేయాలన్నా కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా పోతే చాలా బళ్లు తోసినా స్టార్ట్ అవ్వవు.

మీ రీడింగులు మూడూ, ఆగి ఉన్నప్పుడూ సెల్ఫ్ నొక్కినప్పుడూ రేజ్ చేసినప్పుడూ, బండి మోడల్‌తో పాటు కింద రాయండి, చూసి చెబుతాను. మార్చాల్సే వస్తే పాతది షాపులోనే ఇచ్చేయండి, లోపల సీసం ఉంటుంది కాబట్టి కొత్తదాని రేటులో తగ్గిస్తారు. యాసిడ్ మాత్రం కాలవలో పారబోయొద్దండి.