మూడుల్ క్విజ్‌లో వ్యాసరూప ప్రశ్నను దిద్దడం ఎలా?
ఆన్‌లైన్‌లో పాఠాలు, పరీక్షలు నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్ (Moodle). అందులోని క్విజ్‌కు వ్యాసరూప ప్రశ్న చేర్చాక విద్యార్థికి మొత్తం మార్కులు కనబడటం లేదని అడిగారు. బహుళైచ్ఛిక ప్రశ్నలను మూడుల్ తానే దిద్దుతుంది గాని, వ్యాసానికి ఉపాధ్యాయుడు మార్కు వేసేదాకా మొత్తం ఫలితం ‘ఇంకా దిద్దలేదు’ అనే ఉంటుంది. ఫలితాలలోని మాన్యువల్ గ్రేడింగ్ (ఉపాధ్యాయుడే మార్కులు వేసే) పేజీ తెరిస్తే ఒక్కో ప్రశ్నకు అందరూ రాసిన జవాబులు వరుసగా వస్తాయి. అక్కడే మార్కు, వ్యాఖ్య రాసి సేవ్ చేయాలి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది ప్రశ్న తయారుచేసేటప్పుడే. దిద్దేవారి కోసం ఉన్న సమాచార పెట్టెలో, 10 మార్కుల ప్రశ్నైతే విషయానికి 6, ఉదాహరణలకు 2, భాషకు 2 అని రాసిపెట్టుకుంటే, అది విద్యార్థికి కనబడదు, 40వ జవాబు దిద్దేటప్పుడు కూడా మొదటి జవాబుకు వాడిన కొలతే మీ కళ్లెదుట ఉంటుంది. జవాబులను పేర్ల వరుసలో కాక యాదృచ్ఛిక క్రమంలో దిద్దడమే న్యాయమని నా అభిప్రాయం.