ఇల్లు తాకట్టు పెట్టి మేనేజ్‌మెంట్ సీటు కొనాలా?

ప్రశ్న: మాది సాలూరు. లారీల మెకానిక్‌ని. మా అమ్మాయికి ఈఏపీసెట్ కన్వీనర్ కోటాలో విజయనగరం జేఎన్‌టీయూ కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సీటొచ్చింది. మా బావమరిది మాత్రం ‘గవర్నమెంటు కాలేజీలో ఏముంది? సర్కారు ఊరికే డబ్బు పోస్తోంది. ప్రైవేటులో కంప్యూటర్ సైన్స్ మేనేజ్‌మెంట్ సీటు తీసుకో’ అంటున్నాడు. ఫీజు ఏడాదికి 3 లక్షలు. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు 12 లక్షలు ఇస్తుందట. అబ్బాయి ప్రభుత్వ బడిలో పదో తరగతి. నెలకు 10 వేలు మిగల్చగలను. ఏం చేయమంటారు?

జవాబు: ఇంటి జోలికి వెళ్ళకండి. అమ్మాయిని విజయనగరం పంపండి.

ముందు అప్పు లెక్క చూద్దాం. ఇది ఇంటి తాకట్టు మీద ఇచ్చే విద్యారుణం అనుకుందాం. ఏటా 3 లక్షల చొప్పున నాలుగేళ్ళు తీసుకుంటారు. చదువు అయ్యాక మరో ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు కానీ వడ్డీ ఆగదు. 10 శాతం సాధారణ వడ్డీ వేసుకున్నా అప్పటికి 4.2 లక్షలు చేరి బాకీ 16.2 లక్షలవుతుంది. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 21,400. ఇంకా ఉద్యోగం రాని పిల్ల నెత్తిన ఆ బరువు ఇప్పుడే పెట్టడం నాకు ఇష్టం లేదు. పైగా మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. కన్వీనర్ సీటుకైతే ఆ సాయానికి మీకు అర్హత ఉందేమో మీ ఊరి సచివాలయంలో అడగండి.

అదే 10 వేలు నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, 7 శాతం వడ్డీ దొరికితే, నాలుగేళ్ళకు 5.5 లక్షల దాకా చేరుతుంది. హాస్టల్ ఖర్చుకు కొంత తీసినా తమ్ముడి చదువుకు ఎంతో కొంత మిగులుతుంది.

ఇక ఆ ‘ఊరికే’ అన్న మాట. దానికి జవాబు చెప్పకుండా ఉండలేను. మీరు కొన్న ప్రతి స్పానరు మీద, గ్రీజు డబ్బా మీద కట్టిన జీఎస్టీలో రాష్ట్రానికి వాటా ఉంది. కళాశాల ల్యాబుల్లో, పాఠాలు చెప్పేవారి జీతాల్లో ఉన్నది అలాంటి డబ్బే. ఆ సీటుకు మీరు ఎన్నో ఏళ్ళుగా కడుతూనే ఉన్నారు.

ఒకప్పుడు ఇంజినీరింగ్ చదవాలంటే మన కోస్తా పిల్లలు చాలామంది మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కళాశాల దారి పట్టేవారు. 1946లో విశాఖలో మొదలైన ప్రభుత్వ కళాశాల కాకినాడకు మారింది, 1972లో జేఎన్‌టీయూలో కలిసింది. 2007లో విజయనగరానికీ ఒక కళాశాల వచ్చింది. రైలెక్కి మద్రాసు పోవాల్సిన చదువు అరవై ఏళ్ళలో సాలూరు నుంచి ఒక్క బస్సు దూరానికి చేరింది. మద్రాసు ఖర్చు పెట్టుకుని ఆడపిల్లను పంపగలిగిన మెకానిక్ ఆ రోజుల్లో ఎవరున్నారు చెప్పండి?

చదివించాక వాళ్ళు బెంగళూరు పోతే మన రాష్ట్రానికి ఏం ఒరిగింది అని మీ బావమరిది అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. వస్తువు ఎక్కడ వాడితే జీఎస్టీ వాటా ఆ రాష్ట్రానికి పోతుంది కాబట్టి అక్కడి ఖర్చు మీద పన్ను కర్ణాటకకే. కానీ ఆ పిల్ల ఇంటికి పంపే డబ్బుతో స్లాబు వేసేది సాలూరులో, సిమెంటు కొనేది సాలూరులో. ఆ పన్ను మనకే. వెళ్ళనివాళ్ళు సబ్‌స్టేషన్లలో, పాలిటెక్నిక్‌లలో మన మధ్యే పనిచేస్తున్నారు. ఒక ఇంట్లో మొదటి ఇంజినీరు తయారైతే వెనకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళకు దారి తెలుస్తుంది. రాష్ట్రానికి వచ్చే అసలు లాభం అదేనని నా నమ్మకం, బడ్జెట్ పుస్తకంలో దానికి పద్దు లేకపోయినా.

లోపాలు లేవనను. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల ఖాళీలు ఉన్నాయి, అది బాధాకరం. ఏ సబ్జెక్టుకు ఎవరు చెబుతున్నారో సీనియర్లను అడిగి తెలుసుకోమనండి. కొరత ఉన్నచోట ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్ వెబ్‌సైటులో ఉచితంగా వినొచ్చు. ఈసీఈ చదువుతూ కోడింగ్ నేర్చుకోవడానికీ అడ్డేమీ లేదు. ఎం.టెక్. ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో అర్హత సాధించి, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) గుర్తింపున్న ఎం.టెక్.లో చేరితే నెలకు 12,400 ఉపకారవేతనం ఉంది.

డబ్బు చాలకపోతే 7.5 లక్షల లోపు విద్యారుణానికి ఆస్తి తాకట్టు లేని పథకం ఉంది. బ్యాంకులో అదే అడగండి, అదీ హాస్టల్‌కు కావలసినంత వరకే.

అబ్బాయి సంగతి. 2008లో గ్రామీణ పిల్లల కోసం మొదలైన ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ కోర్సులో చేర్చుకుంటారు. ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు మార్కులు కలుపుతారు. మీకు దగ్గరది శ్రీకాకుళం క్యాంపస్. పది ఫలితాల సమయంలో నోటిఫికేషన్ కోసం చూడండి. ఈలోపే కుల, ఆదాయ ధ్రువపత్రాలు తీసి పెట్టుకోండి.