ఆడపిల్ల దూకుడు పుట్టుకా, పెంపకమా?

అక్కా, మీ పాప కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ సెల్లార్లో మగపిల్లలతో క్రికెట్ ఆడుతుంటే అత్తగారు "ఆడపిల్లకి ఒద్దిక పుట్టుకతోనే రావాలి" అంటున్నారనీ, ఏం జవాబు చెప్పాలనీ అడిగారు.

పుట్టుక ప్రభావం అసలు లేదని మాత్రం వాదించకండి, ఓడిపోతారు. సీఏహెచ్ అనే జన్యు సమస్యవల్ల కడుపులో ఉండగానే ఆండ్రోజెన్లు (మగ హార్మోన్లు) ఎక్కువగా అందిన ఆడపిల్లలు సగటున కార్లు, లారీల బొమ్మలవైపు ఎక్కువ మొగ్గుతారు. కానీ మొత్తం లెక్క వేరు. 2005లో మనస్తత్వవేత్త జానెట్ హైడ్ 46 మెటా విశ్లేషణలు (ఎన్నో అధ్యయనాల ఫలితాల్ని కలిపి తేల్చే లెక్కలు) పరిశీలిస్తే ఆడ, మగ తేడాల్లో 78 శాతం చిన్నవో, దాదాపు సున్నానో అని తేలింది. పెద్ద తేడా కనిపించిన కొద్దివాటిలో బంతి విసిరే వేగం ఒకటి (ఈ ముక్క అత్తగారికి చెప్పకండి!).

నన్నడిగితే పెంపకం ప్రభావానికి అసలు సాక్ష్యం 2009 నాటి అధ్యయనం. బకెట్లో టెన్నిస్ బంతులు వెయ్యాలి. పడ్డ ప్రతి బంతికీ ఇంత అని తీసుకోవచ్చు, లేదా ఇంకొకరితో పోటీపడి గెలిస్తే మూడింతలు. టాంజానియాలోని మసాయి తెగలో పోటీ కోరుకున్నది మగవాళ్లలో 50 శాతం, ఆడవాళ్లలో 26. మన మేఘాలయ ఖాసీల్లో లెక్క తిరగబడింది: ఆడవాళ్లు 54, మగవాళ్లు 39. అక్కడ వంశం తల్లిపేరున నడుస్తుంది, ఆస్తి చిన్నకూతురికి పోతుంది.

ఇవన్నీ అత్తగారికి అప్పజెప్పక్కర్లేదు. ఆదివారం ఓ కుర్చీ వేసి ఆవిణ్ణే స్కోరు చెప్పమనండి. కార్లు రివర్స్ తీసేటప్పుడు ఆట ఆపాలని మాత్రం గట్టిగా చెప్పండి, మగపిల్లలకి కూడా.