షేక్‌స్పియర్ ప్రభావం నిజమేనా, మన మీద రుద్దిందా?

"షేక్‌స్పియర్ పోయి 400 ఏళ్ళు దాటింది కదా, ఇంకా ఆయన ప్రభావం ఉందంటే అది నిజమా, ఇంగ్లీషువాళ్ళు సిలబస్‌లో పెట్టి రుద్దిందా?" అని అడిగారు.

రుద్దిన మాట నిజమే. డిగ్రీలో మాకు 'జూలియస్ సీజర్' ఉండేది. నాటకం ఎవరం చదవలేదు, గైడు చదివాం. "పిరికివాళ్ళు చావుకు ముందే ఎన్నోసార్లు చస్తారు, వీరుడు చావు రుచి చూసేది ఒక్కసారే" అన్న వాక్యం అనోటేషన్‌కి (వాక్యం ఇచ్చి సందర్భం రాయమనే ప్రశ్నకి) తప్పకుండా వస్తుందని సీనియర్లు చెప్తే, జవాబు బట్టీ పట్టాను. పరీక్ష అయ్యాక మర్చిపోయాను.

2012లో, ఒలింపిక్స్ జరిగిన ఏడాది, ఆఫీసు పని మీద లండన్ వెళ్ళాను. ఒక శనివారం బ్రిటిష్ మ్యూజియంలో షేక్‌స్పియర్ ఎగ్జిబిషన్ చూశాను. అక్కడ అద్దాల పెట్టెలో ఒక మామూలు అచ్చు పుస్తకం, ఆయన రచనలన్నీ కలిపి వేసినది. దక్షిణాఫ్రికాలో రాబెన్ ఐలాండ్ జైల్లో ఉన్న సోనీ వెంకటరత్నం అనే రాజకీయ ఖైదీది. వార్డర్లు లాక్కోకుండా ఉండాలని అట్టల మీద దేవుళ్ళ బొమ్మలున్న దీపావళి కార్డులు అంటించి, ఇది మా మతగ్రంథం అని చెప్పి దగ్గర పెట్టుకున్నాడట. తోటి ఖైదీలకిచ్చి, నచ్చిన వాక్యాల పక్కన సంతకం పెట్టమన్నాడు. నెల్సన్ మండేలా సంతకం ఎక్కడుందో తెలుసా? నేను బట్టీ పట్టిన ఆ వాక్యం దగ్గరే! తేదీ 1977 డిసెంబరు 16. ఆయనకి జీవితఖైదు పడి అప్పటికి 13 ఏళ్ళు దాటింది.

చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను. ఆ జైల్లో ఆయనకి ఎవరూ సిలబస్ పెట్టలేదు. తోటి ఖైదీ వాల్టర్ సిసులు అయితే 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో యూదు వడ్డీ వ్యాపారి షైలాక్ మాటల దగ్గర సంతకం పెట్టాడు, ఓర్చుకోవడమే మా జాతికి గుర్తు అన్న చోట. ఒకే పుస్తకంలో ఎవరి బాధకి తగిన మాట వాళ్ళకి దొరికింది. నా దృష్టిలో ప్రభావం అంటే ఇదే. మన కందుకూరి వీరేశలింగం గారు 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ని 'చమత్కార రత్నావళి'గా తెలుగులోకి తెచ్చుకున్నది కూడా ఎవరో రుద్దితే కాదనే నా నమ్మకం.

ఇంకో సంగతి. ఈ 'సీజర్' నాటకం షేక్‌స్పియర్ బతికుండగా అచ్చే కాలేదు. ఆయన 1616లో పోయారు. ఆయన నాటక కంపెనీలో తోటి నటులైన హెమింజెస్, కాండెల్ 1623లో 36 నాటకాలు ఒక్కచోట చేర్చి వేయించారు. అందులో సగం అంతకుముందు అచ్చు మొహం చూడనివే. వాళ్ళు ఆ పని చేయకపోతే ఈ వాక్యం మండేలా దాకా వచ్చేది కాదేమో.

ఆ రాత్రి రూముకెళ్ళి ఆ సీను గైడు లేకుండా మొదటిసారి చదివాను. పీడకల వచ్చిన భార్య కల్పూర్నియా, ఇవాళ బయటికి వెళ్ళొద్దని భర్తని బతిమాలుతూ ఉంటుంది. నేను మార్కుల కోసం నేర్చుకున్న వాక్యం, భయపడుతున్న ఆవిడకి సీజర్ చెప్పిన జవాబు.