ఆగిపోయే ముందు బోర్డు చెప్పాల్సిన మాట

ప్రశ్న: చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్ మోటారును నడిపే కంట్రోలర్ తయారు చేశాం. ఎస్‌టీఎం32ఎఫ్103సీ8 చిప్, ఎస్‌ఎంఎస్‌ల కోసం జీఎస్‌ఎం మాడ్యూల్. బల్ల మీద నెల రోజులు బాగా నడిచింది. పొలంలో పెట్టాక పది పన్నెండు రోజులకోసారి బిగుసుకుపోతోంది. రైతు కరెంటు తీసి పెడితే మళ్లీ నడుస్తుంది. కారణం ఎలా పట్టుకోవాలి?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: రైతు కరెంటు తీసిన క్షణంలోనే ర్యామ్‌లో ఉన్న సాక్ష్యమంతా పోతోంది. ముందు మీ కోడ్‌లో హార్డ్‌ఫాల్ట్ హ్యాండ్లర్ (ప్రాసెసర్ కోలుకోలేని తప్పులో పడినప్పుడు నడిచే ఫంక్షన్) తెరిచి చూడండి. నమూనా ప్రాజెక్టుల్లో అక్కడ ఉండేది ఒట్టి వైల్ లూప్. తప్పు జరిగాక ప్రాసెసర్ అందులోనే తిరుగుతూ ఉంటే బయటికి బిగుసుకుపోయినట్టే కనిపిస్తుంది.

ఆ హ్యాండ్లర్ మొదట చేయాల్సింది మోటారు సంగతి చూడటం, రికార్డు రాయడం ఆ తర్వాతే. ఇంటరప్ట్‌లు (నడిచే పనిని మధ్యలో ఆపే పిలుపులు) ఆపి, రిలే పిన్‌ను నేరుగా పోర్టు రిజిస్టర్‌లో రాసి ఆఫ్ చేయండి. ఇక్కడ చాలామంది తప్పుతున్నారు: పొలాల్లోని స్టార్టర్‌లో పచ్చ బటన్ ఒకసారి నొక్కితే కాంటాక్టర్ (మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) తన కాంటాక్ట్‌తో తానే పట్టుకుని ఉంటుంది. మీ రిలే పచ్చ బటన్‌కు మాత్రమే ఉంటే, బోర్డు చచ్చినా మోటారు ఆగదు. బోరు ఎండినా తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఇంకో రిలే పెట్టి, దాని ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) కాంటాక్ట్‌ను ఎర్ర బటన్‌కు సిరీస్‌లో కలపండి. బోర్డు బాగున్నంతసేపూ ఆ రిలే పట్టుకుని ఉంటుంది, బోర్డు పోతే వదిలేస్తుంది, కాంటాక్టర్ పడిపోతుంది. రిలే నడిపే ట్రాన్సిస్టర్ బేస్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కూడా వేయండి. రీసెట్ సమయంలో పిన్ గాలిలో తేలుతుంది, అప్పుడు రిలే తనంతట తాను లేవకూడదు.

ఇక రికార్డు. ఈ చిప్‌లో 16 బిట్ల బ్యాకప్ రిజిస్టర్లు 10 ఉన్నాయి, అంటే 20 బైట్లు. వీబ్యాట్ పిన్‌కు 3 వోల్టుల కాయిన్ సెల్ పెడితే కరెంటు తీసినా అవి నిలుస్తాయి. తప్పు జరగగానే ఈ చిప్‌లోని కార్టెక్స్ ఎం3 ప్రాసెసర్ 8 రిజిస్టర్లను స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడే ర్యామ్ భాగం) మీద పెడుతుంది. వాటిలో 24వ బైట్ దగ్గర పీసీ (తప్పు జరిగిన కోడ్ చిరునామా), 20వ బైట్ దగ్గర ఎల్‌ఆర్ (పిలిచిన చోటికి తిరిగి వెళ్లే చిరునామా) ఉంటాయి. ఆ రెండూ, సీఎఫ్‌ఎస్‌ఆర్ (తప్పు ఏ రకమో చెప్పేది), బీఎఫ్‌ఏఆర్ (ఏ మెమరీ చిరునామా దగ్గర తప్పిందో చెప్పేది) కలిపి 16 బైట్లు. అసర్ట్ (ఇది నిజమై తీరాలని కోడ్‌లో పెట్టే తనిఖీ) పడిన కోడ్ వరస సంఖ్యకు 2, రికార్డు ఉందనే గుర్తుకు 1, రీసెట్ లెక్కకు 1. సరిగ్గా 20 సరిపోయాయి. బ్యాకప్ రిజిస్టర్లు రాయాలంటే వాటి క్లాక్, రాయడానికి అనుమతిచ్చే డీబీపీ బిట్ బూట్‌లోనే ఆన్ చేసి ఉంచండి. హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్, మ్యాలాక్, జీఎస్‌ఎం ఏవీ వద్దు. పాడైంది అవే కావచ్చు. రాయగానే రీసెట్ చేసి, మళ్లీ లేచాక నిదానంగా ఎస్‌ఎంఎస్ పంపించండి.

స్టాక్ నిండిపోవడమే అసలు జబ్బయితే హ్యాండ్లర్‌కు కూడా నిలబడటానికి చోటుండదు. స్టాక్ పాయింటర్ 20 కిలోబైట్ల ర్యామ్ లోపలే ఉందని చూశాకే దాన్నుంచి చదవండి. అప్పటికీ ప్రాసెసర్ లాకప్ అయితే (పూర్తిగా ఆగిపోతే) కాపాడేది స్వతంత్ర వాచ్‌డాగ్ ఒక్కటే. సమయానికి సంకేతం, అంటే మేత, అందకపోతే చిప్‌ను రీసెట్ చేసే టైమర్ అది. దానికి మేత టైమర్ ఇంటరప్ట్ నుంచి వేయకండి. మెయిన్ లూప్ చచ్చినా టైమర్ మాత్రం మేత వేస్తూనే ఉంటుంది.

వచ్చిన చిరునామాను యాడర్‌టూలైన్ అనే పనిముట్టుకు ఇస్తే ఫైలు, వరస దొరుకుతాయి. ఎల్‌ఆర్ అయితే చివరి బిట్ తీసేసి, ఇంకో 2 తగ్గించి ఇవ్వండి, లేకపోతే పిలిచిన చోటికి బదులు తర్వాతి వరస చూపిస్తుంది. పొలానికి వెళ్లిన ప్రతి బిల్డ్ ఈఎల్‌ఎఫ్ ఫైలును (ఏ చిరునామా ఏ వరసదో అందులోనే ఉంటుంది) భద్రపరచండి. మళ్లీ కంపైల్ చేసిన ఈఎల్‌ఎఫ్ తేడాగా వస్తే చిరునామాలు అబద్ధం చెబుతాయి. సీఎఫ్‌ఎస్‌ఆర్‌లో ఇంప్రిసైస్ బిట్ కనిపిస్తే పీసీని నమ్మకండి. మెమరీలోకి రాతలను కాసేపు ఆపి ఉంచే రైట్ బఫర్ వల్ల తప్పు ఆలస్యంగా బయటపడింది. 

ప్రశ్న: డీబగ్ (పరీక్షించే) బిల్డ్‌లో సెట్టింగులు ఈఈప్రామ్‌లోకి (కరెంటు పోయినా నిలిచే మెమరీలోకి) చేరుతున్నాయి. రిలీజ్ (పొలానికి పంపే) బిల్డ్‌లో చేరడం లేదు. రాసే ఫంక్షన్ విజయవంతమైందో లేదో అసర్ట్‌తో చూస్తున్నాను.
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: ఈఈప్రామ్ రాసే ఫంక్షన్‌నే అసర్ట్ బ్రాకెట్లలో పిలిచి ఉంటారు. రిలీజ్‌లో ఎన్‌డీబగ్ మాక్రో ఉంటే అసర్ట్ మొత్తం మాయమవుతుంది, లోపలి పిలుపు కూడా దాంతోపాటే పోతుంది. ఫలితాన్ని ముందు ఒక వేరియబుల్‌లో తీసుకుని దాన్ని చూడండి. ఈఈప్రామ్ అరిగిపోవచ్చు, కాబట్టి ఇది అసర్ట్‌కు తగిన చోటు కూడా కాదు. మామూలు ఇఫ్‌తో మళ్లీ ప్రయత్నించి, కుదరకపోతే దీపం వెలిగించాలి.

అసలు అసర్ట్‌లను రిలీజ్‌లో తీసేయడమే మాకు నచ్చదు. పొలంలో జరిగే తప్పు పొలంలోనే పట్టుబడాలి. 64 కిలోబైట్ల ఫ్లాష్ చాలదంటే ఫైలు పేర్ల స్ట్రింగులు వదిలేసి, చిరునామా, వరస సంఖ్య మాత్రం ఉంచండి. వరస సంఖ్య ఎందుకంటే, ఒకే ఫంక్షన్‌లోని నాలుగైదు అసర్ట్ పిలుపులను కంపైలర్‌లోని ఆప్టిమైజర్ ఒకటిగా కలిపేయవచ్చు. అప్పుడు చిరునామా ఒక్కటే సరిపోదు.

ప్రశ్న: ట్యాంకు నీటిమట్టం సెన్సార్ 4 నుంచి 20 మిల్లీఆంపుల మధ్య లేకపోతే అసర్ట్ పెట్టాం. ఎలుక వైరు కొరికింది. రాత్రంతా బోర్డు రీసెట్ అవుతూనే ఉంది.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: వైరు తెగడం మీ ప్రోగ్రామ్ తప్పు కాదు, లోకంలో జరిగే సంగతి. బయటి నుంచి వచ్చే దేనికీ, అది సెన్సార్ అయినా ఎస్‌ఎంఎస్ అయినా, అసర్ట్ పెట్టకూడదు. 4 మిల్లీఆంపుల దగ్గర సున్నా పెట్టిందే తెగిన వైరును గుర్తుపట్టడానికి. 3.6 కంటే తగ్గితే సెన్సార్ పోయిందని రాసుకుని, మోటారు ఆపి, మిగతా పని సాగించండి. మీ సొంత పట్టికలో ఇండెక్స్ హద్దు దాటిందా, మీ క్యూ లెక్క మైనస్‌లోకి పోయిందా, రానే కూడని స్టేట్ వచ్చిందా – అసర్ట్ వీటికి.

1996 జూన్ 4న యూరప్ రాకెట్ ఆరియాన్ 5 తొలి ప్రయోగంలో 64 బిట్ల ఫ్లోట్‌ను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే చోట ఓవర్‌ఫ్లో వచ్చింది. రాకెట్ దిశ, కదలిక కొలిచే రెండు యూనిట్లదీ ఒకే సాఫ్ట్‌వేర్, రెండూ ఆగిపోయాయి. ఆగుతూ పంపిన లోప సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ నిజమైన ప్రయాణ లెక్కలని నమ్మి నాజిల్స్‌ను అమాంతం తిప్పింది. లోప సందేశాన్ని డేటా వెళ్లే దారిలోనే, తేడా తెలియని రూపంలో పంపితే జరిగేది అది. మీ బోర్డు కూడా సెన్సార్ పోయినప్పుడు మట్టం 0 అని పంపకూడదు. సరైన విలువా కాదా అని చెప్పే బిట్ వేరుగా ఉండాలి.

రీసెట్ పరంపర ఆపడానికి: పది నిమిషాల్లో మూడుసార్లు రీసెట్ అయితే మోటారును ఆన్ చేయకుండా దీపం మాత్రం మినుకుమనిపిస్తూ, ఎస్‌ఎంఎస్‌కు జవాబిచ్చే స్థితిలో కూర్చోబెట్టండి. పది నిమిషాలు నిలకడగా నడిచాకే లెక్కను సున్నా చేయండి. బూట్ కాగానే సున్నా చేస్తే మూడు ఎప్పటికీ రాదు.